చాక్‌పీసు వేగం

మా పక్క పిల్లలు డాక్టరు చదువుకు ఏ ఊరు పోవాలో చాలాకాలం రైలు పట్టాలే తేల్చాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే లైను మీది ఊర్లు. పెట్టె, పరుపుచుట్ట వేసుకుని మీటర్ గేజి బండి ఎక్కితే కర్నూలుకు చేరాల్సినవాళ్లు గుంతకల్లు దాకా పోయి అక్కడ డోన్ మీదుగా పోయే బండి పట్టుకోవాలి. తిరుపతికి చేరాల్సినవాళ్లు ధర్మవరంలోనే దిగి, కదిరి మీదుగా పాకాలకు పోయే బండి కోసం కాచుకోవాలి. సెలవులకు వచ్చేటప్పుడు మళ్లీ ధర్మవరం జంక్షన్‌లోనే ఇద్దరూ కలిసేవాళ్లు. మా ఆయన ధర్మవరంలో రైల్వే ఉద్యోగి. నేను హిందూపురంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. నా దగ్గర కప్పను కోసి ఎంబీబీఎస్‌కు పోయిన పిల్లలు సెలవుల్లో ఇంటికి వస్తే నేను ఒకటే అడిగేదాన్ని: "పాఠం ఎట్లా చెప్తారప్పా అక్కడ?"

ఈ ప్రశ్న వాళ్లను వాళ్ల కాలేజీ అడగలేదు. అందుకే అడగంగానే గంటసేపు చెప్పేవాళ్లు. కాలేజీలు పెరిగాయి, పుస్తకాలు మారాయి, నల్లబల్ల పోయి తెర వచ్చింది, తెర పోయి ఫోను వచ్చింది. ఆ పిల్లల తీర్పు మాత్రం పెద్దగా మారలేదు.

వైద్యం ఎట్లా నేర్పాలనే నిర్ణయం మా ప్రాంతానికి ఎప్పుడూ దూరం నుంచే వచ్చింది. 1835లో మొదలైన మద్రాసు వైద్య బోధన లండన్ వైపు చూసేది. తెలుగు జిల్లాలకు సొంత మెడికల్ కాలేజీ 1923లో విశాఖపట్నంలో వచ్చింది, గుంటూరుది 1946లో. అటు నిజాం రాజ్యంలో 1846లో పెట్టిన హైదరాబాదు వైద్య పాఠశాలలో ఉర్దూలోనే వైద్యం నేర్పారు. రోగి మాట్లాడే భాషలో డాక్టరును తయారు చేయవచ్చని చూపిన ప్రయత్నం అది. మా వైపు దాని నీడ పడలేదు. అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలోది కాబట్టి ఇంగ్లీషు, మద్రాసు పద్ధతి, మద్రాసు పరీక్షే.

ఆ పద్ధతిలో విద్యార్థి అభిప్రాయానికి ఎంత చోటుందో యల్లాప్రగడ సుబ్బారావు కథ చెబుతుంది. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన ఆయన గాంధీగారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావు చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. వచ్చింది. వేసుకునే గుడ్డ మీద అభిప్రాయానికే ఆ శిక్ష పడినచోట పాఠం బాగాలేదని నోరు తెరిచేదెవరు?

మా అమ్మ కాలంలో పెనుకొండలో డాక్టరంటే ఎల్.ఎం.పి. డాక్టరే. కాలేజీ డిగ్రీ కాదు, మెడికల్ స్కూలులో తక్కువ ఏళ్ల చదువు. సర్ జోసెఫ్ భోర్ కమిటీ 1946లో నివేదిక ఇస్తూ ఈ రెండు తరగతుల డాక్టర్లు వద్దు, అందరికీ ఒకే డిగ్రీ ఉండాలంది. విద్యార్థికి మూడు నెలలు ప్రజల ఆరోగ్యం మీద శిక్షణ ఇవ్వాలని కూడా అదే నివేదిక చెప్పింది. మొదటి మాట అమలైంది. రెండో మాట సిలబస్‌లో చేరింది గానీ, ఊర్లోకి చేరడానికి చాలా ఏళ్లు పట్టింది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన రోజుల్లోనే కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. తిరుపతికి 1960లో వచ్చింది. మా పెద్దన్న 1961లో కర్నూలులో చేరాడు. కార్డు మీద చీమల్లాంటి అక్షరాలతో రాసేవాడు. మా నాయనకు ఖర్చుల లెక్క, నాకు పాఠాల లెక్క. ఫిజియాలజీ ప్రాక్టికల్ గురించి రాసింది నాకు ఇంకా గుర్తుంది. కిరోసిన్ మంట మీద తిప్పి మసి పట్టించిన కాగితాన్ని డ్రమ్ముకు చుడతారట. కప్ప తొడనరానికి కరెంటు తగిలిస్తే కండరం ముడుచుకుని, ముల్లు ఆ మసి మీద తెల్లగా కొండ గీస్తుందట. దాన్ని వార్నిష్‌లో ముంచి ఆరబెట్టి రికార్డులో అంటించాలి. "చేత్తో చేసింది మరిచిపోనమ్మా, చెవితో విన్నది హాస్టల్‌కొచ్చేసరికి ఉండదు," అని రాశాడు. ఆ మసిడ్రమ్ము తరువాత యాభై ఏళ్లు ఉంది. 2014లో భారత వైద్య మండలి ఎంబీబీఎస్ ప్రయోగాల్లో జంతువులకు బదులు కంప్యూటర్ అనుకరణలు వాడమంది. కప్పలు బతికిపోయాయి, మంచిదే. కానీ నా దగ్గర చదివిన పిల్లల్లో తెర మీద కండరం ముడుచుకోవడం చూసినవాళ్లెవరూ దాన్ని గురించి అన్నలాగా మాట్లాడలేదు.

అన్న కాలపు క్రమం ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది. మొదటి రెండేళ్లు శవం, ఎముకలు, సీసాల్లోని అవయవాలు. బతికున్న రోగి ముఖం చూసేది ఆ తర్వాతే. ఈ గోడ మద్రాసు వాళ్లు కట్టింది కూడా కాదు. 1910లో అమెరికాలో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ఇచ్చిన నివేదిక తర్వాత ముందు శాస్త్రం, ఆ తర్వాత వార్డు అనే వరుస ప్రపంచమంతా గట్టిపడింది. అదే దేశంలో జాన్స్ హాప్కిన్స్‌లో విలియం ఆస్లర్ విద్యార్థులను మంచం పక్కకు తీసుకుపోయి నేర్పిన సంగతి మాత్రం మా కాలేజీల టైంటేబుల్‌లో మొదటి రెండేళ్లకు అందలేదు.

1980లలో నా క్లాసు నుంచి పోయిన పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియం. రొద్దం, మడకశిర, లేపాక్షి, సోమందేపల్లి పల్లెల నుంచి వచ్చినవాళ్లు. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ పుస్తకాలు ఇంటర్‌లో వాళ్లను కాపాడాయి. మూత్రపిండం, నాడీకణం, ధమని, సిర అని తెలుగులో చదివి, తెలుగులో రాసి మార్కులు తెచ్చుకున్నారు. 1986లో ఎంసెట్ వచ్చాక ఇంకొంతమంది గట్టెక్కారు. ఆ మీదట మెడికల్ కాలేజీ మొదటి రోజు నుంచి అంతా ఇంగ్లీషు.

రొద్దం నుంచి పోయిన ఒకబ్బాయి దసరా సెలవుల్లో వచ్చి అన్న మాట ఇది: "మూడు నెలలు పాఠం వినలేదు మేడం. రాసుకున్నానంతే." ఏమి రాస్తున్నాడో తెలియకుండా వినబడిన శబ్దాన్ని రాసుకుని, రాత్రి హాస్టల్లో సీనియర్ దగ్గర కూర్చుంటే ఆయన తెలుగులో విప్పి చెప్పేవాడట. ఆ సీనియర్‌కు జీతం లేదు, పేరు లేదు. సీమ పిల్లలకు అనాటమీ చెప్పిన అసలు అయ్యవార్లు చాలామటుకు హాస్టల్ సీనియర్లే. వాళ్ల దగ్గరే ఎముకల సెట్టు చేతులు మారేది, పాత ప్రశ్నపత్రాలు చేతులు మారేవి, చౌరాసియా అనాటమీ పుస్తకం చేతులు మారేది.

మరి క్లాసులో ఎవరి పాఠం అర్థమైందని అడిగితే అందరూ బోర్డు మీద బొమ్మ వేసేవాళ్ల పేర్లే చెప్పేవాళ్లు. మెడ నుంచి చేతికి పోయే బ్రేకియల్ ప్లెక్సస్‌ను ఒక ప్రొఫెసరు రంగు చాక్‌పీసులతో వేసేవారట. పసుపు నరాలు ఐదు వేర్లుగా మొదలై, మూడు కాండాలై, చీలి, మళ్లీ ముడిపడి చేతిలోకి దిగుతాయి. పక్కనే ఎర్ర ధమని, నీలం సిర. ఆయన గీత గీసేలోపు పిల్లలూ గీసేవాళ్లు. ఆయన చెరిపి సరిచేస్తే వీళ్లూ చెరిపి సరిచేసేవాళ్లు. ఇంగ్లీషు రానివాడికి కూడా గీత వస్తుంది. పైగా చాక్‌పీసు మనిషి చెయ్యి కన్నా వేగంగా పోలేదు. పాఠం వేగాన్ని అదే కట్టడి చేసింది. పిల్లలు నల్లబల్లను మెచ్చుకుంటే పాతకాలపు మోజు అనుకునేవాళ్లున్నారు. నేను విన్నంతలో వాళ్లు మెచ్చుకున్నది తమకు అందే వేగాన్ని.

1986 నవంబరు 1న విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం మొదలైంది. తరువాత అది ఎన్టీఆర్ పేరుతో నడిచింది. అంతదాకా కర్నూలు, తిరుపతి కాలేజీలకు పరీక్షలు పెట్టింది తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. ఇక రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష. దీనివల్ల ఒక న్యాయం జరిగింది, ఒక నష్టమూ జరిగింది. ఏ కాలేజీలో చదివినా ఒకే కొలత అన్నది న్యాయం. పాఠం చెప్పే మనిషి కన్నా ప్రశ్నపత్రం పెద్దదైపోవడం నష్టం. ఆ రోజుల్లో వచ్చిన పిల్లలు "ఆ టాపిక్ ఎప్పుడూ అడగరు మేడం" అనడం మొదలుపెట్టారు. అంతకుముందు నేను ఆ మాట వినలేదు.

థియరీ క్లాసు గురించి ఇన్ని ఫిర్యాదులు చేసినవాళ్లు క్లినికల్ పోస్టింగులకు వచ్చేసరికి మనుషులే మారిపోయేవాళ్లు. హిందూపురం పిల్లలకు ఇక్కడ ఒక బలం ఉంది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వీధిలోనే వస్తాయి. మా పెద్దాసుపత్రికే పావగడ, గౌరిబిదనూరు వైపు నుంచి రోగులు వస్తారు. కాబట్టి బళ్లారిలో చేరినా, బెంగళూరులో చేరినా, కర్నూలులో చేరినా వార్డులో రోగి చెప్పేది మా పిల్లలకు ముందు అర్థమయ్యేది. క్లాసులో చివరి బెంచీలో నోరు మెదపనివాడు వార్డులో కేసు చెప్పేటప్పుడు ముందు నిలబడేవాడు. ధర్మవరం నేతగాళ్ల ఇంటి పిల్ల ఒకామె పోస్టింగులు మొదలయ్యాక నాతో అంది: "మా యూనిట్ చీఫ్ నా చెయ్యి పట్టుకుని రోగి పొట్ట మీద పెట్టించారు మేడం. లివర్ అంచు వేలికి తగిలింది. పుస్తకంలో ఆ పేజీ నేను మళ్లీ చదవలేదు."

ఇట్లాంటి యూనిట్లకు జనం ఎక్కువ. రాత్రి క్యాజువాలిటీలో పీజీల వెనక నిలబడటానికి కూడా పోటీయే. విద్యార్థులు అభిప్రాయం చెప్పిన తీరు అది. నచ్చని క్లాసుకు ప్రాక్సీ, నచ్చిన రౌండ్లకు పిలవకుండానే హాజరు. కాలేజీ రిజిస్టర్‌లో అది క్రమశిక్షణ సమస్యగా కనబడేది. చదవడం తెలిసినవాళ్లకు అదే ఫీడ్‌బ్యాక్ ఫారం.

ఆసుపత్రి గోడ దాటించే ప్రయత్నం 1977లో కేంద్ర ప్రభుత్వం చేసింది. రోమ్ అనే పథకం కింద కాలేజీలు పల్లెలను దత్తత తీసుకోవాలి, బండ్లలో విద్యార్థులను అక్కడికి తీసుకుపోవాలి. మా పిల్లలు దీన్ని గురించి నవ్వుతూ చెప్పేవాళ్లు. పొద్దున బస్సు, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం ఫోటో. పల్లె నుంచే వచ్చినవాడికి పల్లెను బస్సు కిటికీలోంచి చూపిస్తే నవ్వు రాక ఏమొస్తుంది? కానీ పాఠం చెప్పే మనిషి వెంట ఉంటే అదే బస్సు వేరేగా ఉండేది. ఫ్లోరైడు నీళ్లు మనిషి ఎముకను ఎట్లా వంచుతాయో మన దేశంలో మొదట రాసింది 1937లో, నెల్లూరు జిల్లా రోగులను చూసి. మా జిల్లా బోర్లలోనూ ఆ నీళ్లున్నాయి. ఒక లెక్చరర్ పిల్లలను ఊరి బోరు దగ్గర నిలబెట్టి, నీళ్లు పట్టుకునే ముసలాయన వెన్ను చూపించి, చిన్నపిల్లల పళ్ల మరకలు చూపించి పాఠం చెప్పిందట. ఆ బ్యాచ్ పిల్లలకు పార్క్ రాసిన సామాజిక వైద్యం పుస్తకంలో ఫ్లోరోసిస్ పేజీ కంఠస్థం చేయాల్సిన పని పడలేదు.

అనంతపురానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2000లో వచ్చింది. మా మూడు ఊర్లకు అదొక మలుపు. కర్నూలు దూరమని ఆడపిల్లల్ని బీఎస్సీలో వేసిన తండ్రులు చాలామందిని నేను చూశాను. అనంతపురం అనగానే ఆ మాట తగ్గింది. ధర్మవరం నుంచి పొద్దునే బండెక్కితే క్లాసుకు అందుకోవచ్చు. వారానికొకసారి ఇంటి అన్నం తినవచ్చు. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) ఆసుపత్రి వచ్చిందీ ఆ రోజుల్లోనే. మా ప్రాంతంలో వైద్యం నేర్చుకోవడానికి చోట్లు పెరిగాయి.

సరిగ్గా ఆ కాలానికే తెరలు కూడా వచ్చాయి. ముందు ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు, తరువాత పవర్‌పాయింట్. చర్మవ్యాధులు, ఎక్స్‌రేలు, మైక్రోస్కోపు కింద కణాలు చెప్పడానికి తెర మంచిదని పిల్లలందరూ ఒప్పుకున్నారు. రంగు మచ్చను చాక్‌పీసుతో ఎవరు చూపిస్తారు? చిక్కు వచ్చింది మిగతా పాఠాలతో. ఒక కాలేజీలో, ఏ కాలేజీ అన్నది వదిలేద్దాం, ఒకే గంటలో వంద స్లైడ్లు పోయేవట. చెప్పే మనిషి తెర వైపు తిరిగి చదువుతూ పోతుంటే రాసుకునే చేతులు ఆగిపోయాయి. "బొమ్మ పుట్టడం చూడడం లేదు మేడం, పుట్టేసిన బొమ్మను చూస్తున్నాం," అని ఒకమ్మాయి అంది. దేశంలో చాలా మెడికల్ కాలేజీలు ఈ ఇరవై ఏళ్లలో విద్యార్థులను నల్లబల్లా, తెరా అని అడిగి చూశాయి. రెండూ కలిపి వాడండి అన్న జవాబే తరచుగా వచ్చింది. మా ఇంట్లో కాఫీ తాగుతూ పిల్లలు చెప్పింది కూడా అదే.

నాకు విచిత్రంగా తోచేది ఇంకొకటుంది. ఉపన్యాసం మొత్తం సమయంలో మూడో వంతుకు మించకూడదని, మిగతాది ప్రాక్టికల్, క్లినికల్, చర్చలుగా ఉండాలని భారత వైద్య మండలి 1997లోనే నిబంధన రాసింది. కాలేజీల్లో వైద్య విద్యా విభాగాలు పెట్టాలని, అధ్యాపకులకు బోధన నేర్పాలని చెప్పింది కూడా అప్పుడే. అంటే పిల్లలు అడుగుతున్నదీ, నిబంధన చెబుతున్నదీ ఒకటే. మధ్యలో ఉన్నది నూటయాభై మంది పట్టే హాలు, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు, వారానికి సరిపోని గంటలు. చిన్న గుంపులు చేయాలంటే మనుషులు కావాలి. మనుషులు లేనప్పుడు అందరినీ ఒకే హాలులో కూర్చోబెట్టడమే తేలిక.

ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్ కాగితం వచ్చింది. సంతోషించాను. చివరికి ఎవరో అడిగారనుకున్నాను. నా దగ్గర చదివిన ఒకమ్మాయి తన కాలేజీలో నింపిన తీరు చెప్పింది. హాజరు నంబరు రాయాలి, అందరికీ 'చాలా బాగుంది' గడిలో టిక్కు పెట్టాలి, ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ అధ్యాపకులే కాబట్టి. సుబ్బారావు కాలం నుంచి ఇంతదూరం వచ్చాక కూడా విద్యార్థి భయం అక్కడే ఉంది.

2019లో ఎంబీబీఎస్ సిలబస్ పెద్ద ఎత్తున మారింది. సామర్థ్యాల ఆధారంగా నేర్పాలని, మొదటి ఏడాదిలోనే రోగిని చూపించాలని, ఏయే పని స్వయంగా చేశారో లాగ్‌బుక్‌లో రాయించాలని, రోగితో మాట్లాడే తీరు, నీతి కూడా పాఠంగా చెప్పాలని నిర్దేశించారు. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లో సమస్య నుంచి మొదలుపెట్టి నేర్పే పద్ధతి తెచ్చింది. అర్ధ శతాబ్దం తర్వాత ఆ గాలి ఇటు వీచింది. ఆ మొదటి బ్యాచ్ సగం ఏడాది చదివేసరికి 2020 మార్చిలో కరోనా వచ్చింది. శవం ముందు నిలబడాల్సిన పిల్లలు పెనుకొండ మిద్దెల మీద సిగ్నల్ వెతుక్కుంటూ అనాటమీ విన్నారు.

ఆ రోజుల్లో నా మేనకోడలి కొడుకు మా ఇంట్లోనే ఉండి చదివాడు. లైవ్ క్లాసులో నిద్రపోయేవాడు, రాత్రి రికార్డు చేసిన వీడియో పెట్టుకుని రెండు గంటలు కదలకుండా కూర్చునేవాడు. ఎందుకురా అని అడిగితే, "ఆపుకోవచ్చు అవ్వా, వెనక్కి తిప్పుకోవచ్చు," అన్నాడు. నలభై ఏళ్ల కిందట రొద్దం పిల్లవాడు చాక్‌పీసులో వెతికిందే వీడు ఫోనులో వెతుకుతున్నాడని అప్పుడు అర్థమైంది. పాఠం వేగం తన చేతిలో ఉండాలి. కోచింగ్ యాప్‌లకు డబ్బు కట్టి, కాలేజీ క్లాసుకు హాజరు కోసమే పోయే పిల్లల్ని సోమరులని తిట్టే ముందు పెద్దలు ఇది ఆలోచించాలి. పీజీ నీట్ ప్రశ్నలు వాళ్లను అటు లాగుతున్నాయి, నిజమే. అందని వేగం కూడా అటే తోస్తోంది.

ఫోను వేగాన్ని ఇచ్చింది గానీ లివర్ అంచును వేలికి తగిలించలేదు. వీడియోలు చూసి మంచి మార్కులతో హౌస్ సర్జన్సీకి వచ్చి, మొదటి రాత్రి పాముకాటు రోగి ముందు చేతులు వణికాయని చెప్పినవాళ్లున్నారు. మా వైపు వేరుశనగ చేలల్లో పాములెక్కువ. పాముకాటు పేజీ వాళ్లకు నోటికి వచ్చు, కానీ అది చాలదు. పక్కన నిలబడి "ముందు ఇది చెయ్యి" అనే మనిషి కావాలి.

2021 మే 31న రాష్ట్రంలో శంకుస్థాపన జరిగిన పద్నాలుగు మెడికల్ కాలేజీల్లో పెనుకొండది ఒకటి. 2022 ఏప్రిల్ 4న మా మూడు ఊర్లూ అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. ఆ కాలేజీని ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటుతో కలిసి కట్టాలా అన్న వాదన పెద్దగానే నడుస్తోంది. ఫీజు ఎవరు కట్టాలన్నది చిన్న విషయం కాదు, ఆ వాదన జరగాలి. దాని చప్పుడులో పాఠం సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

ఎప్పుడో ఒకప్పుడు అక్కడ మొదటి బ్యాచ్ కూర్చుంటుంది. అందులో రొద్దం పిల్ల ఉంటుంది, మడకశిర పిల్లవాడు ఉంటాడు. వాళ్లకు ఐదు గళ్ల ఫారం అక్కరలేదు. పేరు రాయనక్కరలేని చిన్న కాగితం మీద నెలకొకసారి రెండే ప్రశ్నలు అడగాలి. ఈ నెల పాఠం నీకు అందే వేగంతో సాగిందా? ఈ నెలలో నీ పక్కన నిలబడి రోగిని చూపించింది ఎవరు? వచ్చిన జవాబులు, వాటిని చూసి కాలేజీ మార్చినవి నోటీసు బోర్డులో పెట్టాలి. రెండో ప్రశ్నకు ఎవరి పేరూ రాయలేని పిల్లలు సగం మంది ఉంటే వాళ్లకు హాజరు తక్కువైందని నోటీసు ఇవ్వకూడదు. ఆ నోటీసు అందుకోవాల్సింది కాలేజీయే.